రాక్షసుల కంచంలో ఏముంది?

ఈ దీపావళికి మన పిల్లలచేత 'మాయాబజార్' విందు ఘట్టం వేయించాలని కార్యవర్గం తీర్మానించినప్పుడు, అన్నిటికంటే తేలిగ్గా దొరికే పాత్ర ఘటోత్కచుడే అనుకున్నాం. కృష్ణుడి వేషానికి ఎలాగూ పోటీ తప్పదు. శశిరేఖ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆడపిల్లలకంటే వాళ్ళ తల్లులకే పట్టుదల ఎక్కువ. ఘటోత్కచుడి వేషమైతే స్టేజి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, అందరూ చూస్తుండగా లడ్లు తినొచ్చు. ఏ పిల్లవాడు కాదంటాడు?

కాదన్నాడు. మేం మనసులో అనుకున్న కుర్రాడు ఒక్కడే. ఏడో తరగతి చదువుతున్నాడు. వయసుకు మించిన ఒడ్డూ పొడుగూ, ఖంగుమనే గొంతు. మాటల్లో జగిత్యాల యాస తొంగి చూస్తుంటుంది. వాళ్ళదీ మా బిల్డింగే కాబట్టి రిహార్సల్స్ అయ్యాక వాణ్ణి నా కార్లోనే దింపుతుంటాను. ఆ రోజు ముసఫా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మెల్లగా అన్నాడు: "నేను వెయ్యను అంకుల్. స్కూల్లో ఇప్పటికే నన్ను ఆర్క్ అంటున్నారు. మళ్ళీ స్టేజి మీద రాక్షసుడిగా ఎందుకు?"

ఆర్క్ అంటే ఏమిటో నాకు తెలియదు. వాడే చెప్పాడు. ఇంటికెళ్ళాక మా అమ్మాయి మిగతాది చెప్పింది. పెద్దవాళ్ళకు తెలియని సంగతి గనుక రెండు ముక్కలు ఇక్కడ రాస్తాను.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని ఒక ఆట ఉంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని తయారుచేశారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకడు కథ నడిపిస్తాడు. మిగిలినవాళ్ళు తలొక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. అది నెగ్గిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మన వీధి భాగవతానికీ వైకుంఠపాళికీ పుట్టిన బిడ్డ అనుకోండి. అందులో మనుషులు కాక ఎల్ఫులు, డ్వార్ఫులు, హాఫ్లింగులు, ఆర్కులు అని రకరకాల జాతులుంటాయి. ఏ జాతి ఎక్కడ ఉంటుంది, ఏం కట్టుకుంటుంది, ఏం తింటుంది అన్నది పుస్తకాల్లో రాసి ఉంటుంది. వీటిలో చాలావాటికి మూలపురుషుడు టోల్కీన్ అనే ఇంగ్లీషు ప్రొఫెసరు. ఆయన 'ద హాబిట్' 1937లోను, 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' 1954, 55 సంవత్సరాల్లోను వచ్చాయి.

ఆ రెండో నవలలో ఒక చోట ఆర్కులు ఇద్దరు హాబిట్‌లను బందీలుగా పట్టుకుపోతూ, తినమని బూడిదరంగు రొట్టెముక్క, ఎండబెట్టిన పచ్చిమాంసపు పేలిక విసిరేస్తారు. ఆకలితో ఉన్నవాడు రొట్టె తిన్నాడుగానీ మాంసం ముట్టుకోలేదు. అది ఏ జంతువుదో ఎవరికి తెలుసు!

మనవాడి టిఫిన్ డబ్బాలో ఆ రోజు గోంగూర ఒట్టితునకల కూర ఉంది. విజిటు వీసా మీద వచ్చిన నానమ్మ వండి పెట్టింది. కోస్తా వైపు పాఠకుల కోసం చెబుతున్నాను: ఒట్టితునకలంటే మాంసాన్ని పొడుగ్గా సన్నగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దారానికి గుచ్చి ఎండబెట్టినవి. తెలంగాణ పల్లెల్లో వేట కోసిన మర్నాడు దండెం మీద ఎర్రటి తోరణాల్లా వేలాడతాయి. ఇక్కడ బాల్కనీలో ఏదీ వేలాడదీయకూడదు కదా, ఆవిడ కిటికీ అద్దం లోపలే దారం కట్టింది. ఐకాడ్ ఎండ సంగతి మీకు తెలిసిందే, మూడో నాటికి కట్టెపుల్లల్లా అయ్యాయట. అద్దం బయట పెట్టి ఉంటే గంటలో అయ్యేవని నా అనుమానం.

డబ్బా తెరవగానే గది నిండా వాసన. ఎవరో ముక్కు మూసుకున్నారు. ఎవరో ఆ నవల చదివినవాడు "ఆర్క్ తిండి" అన్నాడు. అంతే. ఆ పేరు అంటుకుపోయింది. ఎవరూ పగతో అనలేదు, నవ్వుతూనే అన్నారు. అన్నవాళ్ళూ పరాయివాళ్ళు కాదు, వారం వారం కలిసి ఆ ఆట ఆడే స్నేహితులే. కానీ పన్నెండేళ్ళ వయసులో స్నేహితులు నవ్వుతూ అన్న మాట ఎక్కడ దిగుతుందో మనందరికీ ఏదో ఒక జ్ఞాపకం ఉండే ఉంటుంది. మర్నాటి నుంచి వాడు బ్రెడ్డూ జామూ తప్ప ఇంకేమీ పట్టుకెళ్ళనన్నాడు.

ఆ సాయంత్రం లిఫ్టు దగ్గర నానమ్మ కనిపించింది. సంగతంతా మనవడి దగ్గర విన్నట్టుంది. "ఏంది సారూ, మేం తినేది రాకాసుల తిండా?" అని అడిగింది. నవ్వుతూ అడిగిందిగానీ, నేను జవాబు చెప్పేదాకా లిఫ్టు బటన్ నొక్కలేదు.

నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. అసలు మన రాక్షసులు ఏం తినేవాళ్ళు? ఆట పుస్తకాల్లో రాసినట్టు మన పెద్దలూ ఎక్కడైనా రాసి పెట్టారా? ఈ వ్యాసం ఆ వెతుకులాటే. పండితులు తప్పులుంటే మన్నించాలి.

మొదట తీసింది అమరకోశం. చిన్నప్పుడు అర్థం తెలియకుండా బట్టీ పట్టినది, ఇన్నాళ్ళకు పనికొచ్చింది. దేవతలకు అమరసింహుడు ఇచ్చిన పేర్లలో ఒకటి 'అమృతాంధసులు', అంటే అమృతమే అన్నంగా గలవాళ్ళు. ఇంకొకటి 'క్రతుభుజులు', యజ్ఞంలో వేసినది తినేవాళ్ళు. రాక్షసులకు 'క్రవ్యాదులు', పచ్చిమాంసం తినేవాళ్ళు. 'అస్రపులు', నెత్తురు తాగేవాళ్ళు. పాముకు 'పవనాశనం', గాలి భోంచేసేది. తెలుగులో మనవాళ్ళు దాన్నే 'గాలిమేపరి' అన్నారు, ఎంత చక్కటి మాట! చూశారా, ఏ జాతినైనా ఊహించుకోగానే దాని పేరులోనే కంచం పెట్టేశారు. గైగాక్స్‌గారి కంటే మనవాళ్ళు చాలా ముందున్నారు.

ఈ జాబితాలో అందరికంటే అన్యాయమైపోయినవాళ్ళు దేవతలే అని నాకనిపించింది. వాళ్ళు అసలు తినరు, తాగరు, అమృతాన్ని చూసి తృప్తి పడతారు అని ఛాందోగ్యోపనిషత్తు చెబుతోంది. మనం నైవేద్యం పెట్టి, తెర వేసి, మళ్ళీ మనమే తినేయడానికి ఇంతకంటే మంచి ప్రమాణం దొరకదు. ఇక ఆ అమృతం పంచిన రోజు జరిగిన బంతి భోజనం మీకు తెలిసిందే. దేవతలది ఒక వరస, అసురులది ఒక వరస. వడ్డించే మోహినికి ఒక వరస మీదే దయ. రాహువు వేషం మార్చుకుని అవతలి వరసలో కూర్చున్నాడు. సూర్యచంద్రులు పక్కనుంచి చూసి చెప్పేశారు. అమృతం గొంతు దిగేలోపే తల తెగింది. పంక్తిలో వలపక్షం చేయకూడదని మన పెళ్ళిళ్ళలో పెద్దలు అంతగా ఎందుకు చెబుతారో ఈ కథ చదివితే తెలుస్తుంది. నాగుల సంగతీ అంతే. గరుత్మంతుడు అమృతభాండాన్ని దర్భల మీద పెట్టి స్నానం చేసి రమ్మన్నాడు. వచ్చేసరికి అది లేదు. ఆశ చావక దర్భలు నాకితే నాలుకలు చీలాయి. దీపావళి వెళ్ళిన నాలుగో రోజు నాగుల చవితికి మనం పాలూ చలిమిడీ చిమ్మిలీ పట్టుకెళ్ళేది అలా నష్టపోయినవాళ్ళకే మరి!

సరే, రాక్షసుల వంటగది. ఇక్కడే నాకు పెద్ద ఆశ్చర్యం ఎదురైంది.

సుందరకాండలో హనుమంతుడు సీతమ్మను వెతుకుతూ రావణుడి పానశాలలోకి వెళతాడు. అక్కడ ఏం చూశాడో వాల్మీకి తీరిగ్గా వర్ణించాడు. బంగారు పాత్రల్లో సగం తిని వదిలేసిన నెమళ్ళు, కోళ్ళు. లేడి, దున్న, అడవిపంది మాంసాలు. పెరుగూ సౌవర్చల లవణమూ పట్టించిన మాంసం. పుల్లటివీ ఉప్పటివీ నంజుళ్ళు. పంచదారతో, తేనెతో, పూలతో, పళ్ళతో వేరువేరుగా చేసిన ఆసవాలు. నరమాంసం జాడ నాకైతే అక్కడ కనబడలేదు. ఇది గుహలో ఎముకలు కొరికే జాతి వంటలా ఉందా? మాంసానికి పెరుగు పట్టించి నానబెట్టడం తెలిసిన వంటవాళ్ళు వాళ్ళు. ముసఫాలో శుక్రవారం మనం వరసలో నిలబడి కొనుక్కునే కబాబుకూ అదే సూత్రం. రామాయణంలోనే మరోచోట కుంభకర్ణుణ్ణి నిద్ర లేపడానికి లేడి, దున్న, పంది మాంసాలు కొండల్లా పోసి, వాటి పక్కన అన్నం రాశి కూడా పోశారు. ఆరు నెలల నిద్ర తర్వాత లేచే లంక రాక్షసుడికీ అన్నం ఉండాల్సిందే! నెత్తుటి కుండలూ కల్లు కుండలూ ఉన్నాయి, కాదనను. కానీ అన్నం సంగతి నేను ఇదివరకు ఎప్పుడూ గమనించలేదు.

వాతాపిని మరవకూడదు. తమ్ముణ్ణి మేకగా మార్చి, వండి, అతిథులకు వడ్డించి, తర్వాత కడుపు చీల్చుకుని రమ్మని పిలిచే ఇల్వలుడి కథ అది. అగస్త్యుడు తిని పొట్ట నిమురుకుని అరిగించేశాడు. పసిబిడ్డకు పాలు పట్టాక పొట్ట మీద చెయ్యి రాస్తూ మన అమ్మలు నేటికీ వాతాపి పేరు తలుచుకుంటారు. పాపం, ఆ బిడ్డకు తాను రాక్షసుణ్ణి అరిగించుకుంటున్నానని తెలియదు.

ఇక బకాసురుడు. ఆదిపర్వంలో ఈ కథను నన్నయగారు తెలుగు చేశారు, మనందరం పాఠంగా చదువుకున్నాం. ఈసారి తిండి ఒక్కటే చూస్తూ చదివాను. బకుడికి ఏకచక్రపురం వాళ్ళు పంపవలసింది ఒక బండెడు అన్నం, రెండు దున్నలు, అవి తోలుకెళ్ళిన మనిషి. మూలంలో దీన్ని 'వేతనం' అన్నారు, ఎందుకంటే ఆ ఊరికి పరాయి శత్రువుల భయం లేకుండా కాపలా కాసేది వాడే. ఇంటింటికీ వంతు. బ్రాహ్మణుడి ఇంటి వంతు వచ్చిన రోజు భీముడు బయల్దేరాడు. అడవికి వెళ్ళి, బకుణ్ణి పేరు పెట్టి పిలిచి, వాడి కోసం తెచ్చిన అన్నం తానే తినడం మొదలుపెట్టాడు. బకుడు వచ్చి వెనక నుంచి రెండు చేతులతో వీపు మీద గుద్దాడు. భీముడు తల కూడా తిప్పలేదు. బండి ఖాళీ చేసి, నీళ్ళు ముట్టి ఆచమించి, అప్పుడు లేచి యుద్ధానికి నిలబడ్డాడు.

ఆ ఆచమనం దగ్గర నేను ఆగిపోయాను. తిండి కొలతలో భీముడికీ బకుడికీ తేడా లేదు. ఆ రోజుల్లో అన్నదమ్ములు తెచ్చిన భిక్షలో సగం భీముడికే, మిగతా సగం తల్లితో కలిపి అందరికీ. వృకోదరుడని పేరే ఉంది. మరి ఒకడు రాక్షసుడు, ఒకడు మన భీమన్న ఎలా అయ్యారు? భీముడు తినేది అమ్మ పంచి పెట్టినది. బకుడు తినేది వంతు వేసి వసూలు చేసినది, అందులో తెచ్చినవాడు కూడా ఒక వంటకమే. కంచంలో ఏముంది అన్నదాంతో రాక్షసత్వం తేలలేదు, ఆ కంచం ఎలా నిండింది అన్నదాంతో తేలింది. నాకు దొరికిన జవాబు ఇదే. లిఫ్టు దగ్గర నానమ్మకు ఇదే చెబుదామనుకున్నాను.

కానీ ఆ జవాబు సగమే. మనవాడు బాధపడింది దేనికి? వాసనకు. మన కథల్లో రాక్షసుడు రాగానే మొదట చేసే పని ఏమిటి? గాలి పీల్చి "నరవాసన!" అనడం. హిడింబాసురుడు అడవిలో పాండవుల జాడ పట్టింది మనుషుల వాసనతోనే. చెల్లెలు హిడింబను చంపుకు రమ్మని పంపాడు. ఆవిడ వచ్చి భీముణ్ణి చూసి మనసు మార్చుకుంది. ఆ దంపతుల బిడ్డడే ఘటోత్కచుడు. అంటే ఈ వేషానికి తల్లి తరఫున ఒక వంట, తండ్రి తరఫున ఒక వంట! తరగతి గదిలో మాత్రం కథ తిరగబడింది. ఇక్కడ వాసన పట్టినవాళ్ళు మనుషులు, రాక్షసుడైపోయినవాడు మన పిల్లవాడు.

వాసన గురించి రాయక తప్పదు కనుక నా సంగతి కూడా ఒకటి రాస్తాను. దాచుకుంటే వ్యాసం అబద్ధమవుతుంది.

ఐకాడ్‌కు వచ్చిన కొత్తలో, కుటుంబం రాకముందు, రెండేళ్ళు క్యాంపులో ఉన్నాను. గదిలో వంట నిషేధం. అందరికీ ఒకే మెస్సు హాలు. మనది ఒక వరస, పాకిస్తానీలది ఒక వరస, ఫిలిప్పినోలది ఒక వరస. ఎవరూ నియమం పెట్టలేదు, దానంతటదే అలా అయింది. మన వరసలో మళ్ళీ లోపలి వరసలు. కోనసీమవాడు పచ్చిపులుసు చూసి "ఇది చారా?" అనేవాడు. కడపవాడికి సంగటి లేక నిద్ర పట్టేది కాదు. కరీంనగర్ వాడికి మా పప్పుచారు చప్పిడి. కానీ పక్క వరసలోకి చూడాల్సి వచ్చినప్పుడు మాత్రం మేమంతా ఒకటే జాతి. "వాళ్ళేం తింటారో ఎవడికి తెలుసు?" అనేవాళ్ళం. ఈ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఫిలిప్పినోలకు 'తుయో' అని ఒక ఎండు చేప ఉంది. దాన్ని వేయించి వెనిగర్‌లో ముంచుకుని, వెల్లుల్లి వేసి తాలింపు పెట్టిన అన్నంతో తింటారు. ఎవరో ఒకసారి బయటినుంచి వేయించి తెచ్చుకున్నారు. హాలంతా వాసన. మేం పదిమందిమి కూర్చుని ఇంగ్లీషులో ఒక ఫిర్యాదు రాసి సూపర్‌వైజరుకు ఇచ్చాం. ఇంగ్లీషు బాగుంటుందని నన్నే రాయమన్నారు. కింద మొదటి సంతకం నాదే. వాళ్ళు మారుమాట లేకుండా తీసుకురావడం మానేశారు. రెండు వారాలైనా కాకుండానే మనవాడొకడు సెలవు నుంచి వస్తూ ఇంటి దగ్గర వేయించిన ఎండు చేపలు తెచ్చాడు. ఆ రాత్రి మేమంతా ఆ పొట్లం చుట్టూ చేరి లొట్టలు వేస్తుంటే, పక్క వరసలో ఒక ఫిలిప్పినో వెల్డరు తల తిప్పి చూశాడు. ఫిర్యాదు చేయలేదు. చిన్నగా నవ్వి తన కంచంలోకి చూసుకున్నాడు. తర్వాత అతనూ నేనూ స్నేహితులమయ్యాం. అతని ఇంట్లో తుయో కూడా తిన్నాను, మా ఊరి ఎండు చేపల వేపుడుకు అన్నదమ్ముల బిడ్డలా ఉంది. ఆ కాగితం సంగతి మాత్రం అతను ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కాబట్టి ఆ స్కూలు పిల్లలను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

తర్వాతి ఆదివారం రిహార్సల్ నుంచి వస్తూ, మనవాడికి బకాసురుడి కథా, రావణుడి పెరుగు మాంసమూ చెప్పాను. ఆసక్తిగానే విన్నాడు. "మరి మాయాబజార్‌లో ఘటోత్కచుడు ఏం తింటాడు?" అన్నాడు. ఇంటికి వెళ్ళి సినిమా పెట్టుకున్నాం.

శశిరేఖా పరిణయం కథ వ్యాసభారతంలో లేదు, మనవాళ్ళు అల్లుకున్నదే. 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా వారు తీసిన ఆ సినిమాలో ఎస్.వి.రంగారావు పెళ్ళి విందు ముందు కూర్చుంటారు. మాధవపెద్ది సత్యం గొంతు మోగుతుంది. గారెలు, బూరెలు, అరిసెలు, లడ్లు, జిలేబీ, అప్పడాలు, పులిహోర, దప్పళం, పాయసం. లడ్లు వాటంతటవే ఎగిరి వచ్చి నోట్లో పడతాయి. ఎన్నిసార్లు చూశామో! కానీ ఈసారి పక్కన కూర్చున్న పిల్లవాడు అడిగాడు: "అంకుల్, రాక్షసుడు కదా, ఒక్క మాంసం ముక్క కూడా లేదేమిటి?"

నిజమే! లంకలో వాల్మీకి పెట్టిన నెమళ్ళూ లేళ్ళూ ఏమయ్యాయి? తెలుగువాడు రాక్షసుణ్ణి ప్రేమించాలనుకున్నాడు కాబట్టి తన ఇంటి పెళ్ళి విస్తరి వేసి కూర్చోబెట్టాడు. ఎవరు మనవాళ్ళనిపిస్తే వాళ్ళకు మన వంట. అదే సినిమాలో కౌరవుల విడిదికి ఏర్పాట్లు చేసేటప్పుడు గోంగూరను శాకంబరీదేవి ప్రసాదమని ఆకాశానికెత్తుతారు, హస్తినాపురం ప్రభువులకు అది లేనిదే ముద్ద దిగదన్నట్టు. దుర్యోధనుడు గోంగూర తిన్నాడా? గుంటూరువాళ్ళను అడిగితే తిన్నాడనే అంటారు. ఆ మాట వినగానే మనవాడు సోఫాలోంచి లేచి గట్టిగా నవ్వాడు. డబ్బాలో ఉన్నది ఒట్టితునకలే కాదు, గోంగూర కూడా కదా!

ఇందులో నాకు చిన్న పేచీ ఉంది. ఘటోత్కచుడికి గారెలు పెట్టడం ముచ్చటగానే ఉంది. కానీ ఒకణ్ణి ప్రేమించాలంటే ముందు వాడి కంచం మార్చాలా? టోల్కీన్ దొరా అదే చేశాడు. ఆయన హాబిట్‌లు ఇంగ్లీషు పల్లెటూరి వాళ్ళలాగే రోజుకు ఆరుసార్లు తినడానికి ఇష్టపడతారు. ఎల్ఫులకు ఆకుల్లో చుట్టిన 'లెంబాస్' అనే రొట్టె, ఒకటి తింటే రోజంతా నడవొచ్చు. అసహ్యించుకోవలసినవాళ్ళకు మాత్రం ఎండిన మాంసపు పేలిక. 2020లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్ళు 'హీరోస్ ఫీస్ట్' అనే వంటల పుస్తకం వేశారు. మనుషులకూ ఎల్ఫులకూ డ్వార్ఫులకూ హాఫ్లింగులకూ తలొక అధ్యాయం ఉంది. ఆర్కులకు విడిగా అధ్యాయం లేదు. అయితే 2024లో వచ్చిన ఆట పుస్తకంలో, ఆడేవాళ్ళు ఎంచుకోదగిన పది జాతుల్లో ఆర్కును కూడా చేర్చారు. యాభై ఏళ్ళు పట్టింది, ఫరవాలేదు. బంతిలో చోటు దొరికింది, వడ్డన ఇంకా మిగిలి ఉంది.

మనవాడు తర్వాత చేసినది నేను చెప్పింది కాదు. వాడికే తోచింది. ఆ వారం ఆటలో కథ నడిపే వంతు వాడిది. ఆర్కుల కోటలో విందు జరుగుతున్నట్టు కథ అల్లి, "మీ ఇళ్ళల్లో ఎండబెట్టేవీ ఊరబెట్టేవీ ఏమున్నాయో కనుక్కుని రండి, అవే విందులో ఉంటాయి" అని స్నేహితులకు చెప్పాడు. వచ్చిన జాబితా నోటుపుస్తకంలో రాసుకున్నాడు, నాకు చూపించాడు. నేపాలీ పిల్లవాడి ఇంట్లో 'సుకుటి', అచ్చం ఒట్టితునకలే. ఈజిప్టు పిల్లవాడి ఇంట్లో కోడిగుడ్లతో వేయించుకునే 'బస్తుర్మా', మసాలా పట్టించి గాలికి ఆరబెట్టిన మాంసం. ఏడాదికోసారి వసంతకాలం పండుగకు తినే 'ఫెసీఖ్' అనే ఊరిన చేప కూడా రాశాడు, దాని పక్కన 'ముక్కు మూసుకోవాలి' అని వాళ్ళమ్మే రాయమందట. ఫిలిప్పినో అమ్మాయి 'తాపా', తుయో రెండూ రాసింది. మలయాళీ పిల్లవాడు ఎండు చేపల పేర్లు అరపేజీ రాశాడు. ఎవరో ఎమిరాతీ టీచరును అడిగితే ఉప్పులో ఊరబెట్టే 'మాలెహ్' చేప గురించి చెప్పారట. ఈ నేల మీద ఎండకూ ఉప్పుకూ ఎన్నడూ కొదవ లేదు. ఐసుపెట్టె రాకముందు ఎవరైనా చేసేది అదే కదా.

పుట పైన ఎర్ర ఇంకుతో 'ఆర్కుల విందు' అని రాసి ఉంది. కింద ఐదు దేశాల వంటలు ఉన్నాయి. మొదటి వరసలో గోంగూర ఒట్టితునకలు.

ఇప్పుడు ఘటోత్కచుడి వేషం వేస్తానంటున్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. విస్తట్లో గారెలూ లడ్లతో పాటు నానమ్మ డబ్బా కూడా ఉండాలట. కార్యవర్గంలో దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. పండుగ భోజనం శాకాహారం కదా, స్టేజి మీద ఎలా పెడతాం అని కొందరు. డబ్బా మూత తీయకుండా పెడితే ఎవరికి తెలుస్తుందని ఇంకొందరు. మూత తీయకపోతే వేషం వెయ్యనని వాడు. హిడింబ వేషం వేసే అమ్మాయి మాత్రం, కొడుక్కి పుట్టింటి వంట తెచ్చే హక్కు తనకు ఉందని వాదిస్తోంది. నాకైతే ఆ వాదన బాగానే ఉందనిపించింది.

ఈ సావనీరు అచ్చుకు వెళ్ళేనాటికి అది తేలలేదు. బూరెలు ఎవరు తెస్తారో, అరిసెలు ఎవరు తెస్తారో పేర్లు ఇవ్వవలసినవాళ్ళు ఇంకా ఇవ్వలేదు. దప్పళానికి గుమ్మడికాయ నేను తెస్తాను. లిఫ్టు దగ్గర నానమ్మ మళ్ళీ కనిపించి, "రెండు కిలోల మాంసం తెప్పించిన సారూ, కిటికీల కట్టిన. పండుగనాటికి ఎండుతది" అని చెప్పి బటన్ నొక్కింది.